నీళ్లు పోస్తే ఆగాలి

ప్రతీక్షను మనం ఫోరస్ రోడ్ మలుపులో వదిలాం. పందెం రెండో చుట్టు సగం దాటింది. ఆమె ముందు ఎవరూ లేరు. వెనక, ఒక టెంపో పట్టేంత దూరంలో, మూడో గల్లీ మనాలి బూట్ల చప్పుడు మాత్రం విడవకుండా వస్తోంది. మిగతా అమ్మాయిలు నాగ్‌పాడా దగ్గరే చెదిరిపోయారు. వాళ్లలో ఇద్దరు చెరుకురసం బండి నీడలో కూలబడి, పందెం సంగతి మరిచి గ్లాసులు అందుకున్నారు.

కామాటిపురా తెలుగు మండలి ఏటా మే ఒకటో తారీఖున పెట్టే ఈ పందెం పెద్దదేం కాదు. గల్లీల చుట్టూ రెండు చుట్లు. గట్టిగా పట్టుకుంటే సొట్టపడే కప్పు. కానీ దానికో కట్టుబాటు ఉంది. గెలిచిన పిల్ల ఏ గల్లీదో, ఆషాఢంలో ఆ గల్లీ బోనం ఊరేగింపులో అందరికన్నా ముందు నడుస్తుంది. పదకొండో గల్లీ బోనం ఏనాడూ ముందు నడవలేదు. ఇక నడిచే రోజులు ఎన్ని ఉన్నాయో కూడా తెలీదు. గల్లీలో మిగిలినవి మూడు చాళ్లు, ఇరుకు గదుల పాత మేడలు. అందులో రెండు ఇనప దన్నుల మీద నిలబడి ఉన్నాయి. సగం కుటుంబాలు విరార్‌కీ నాలాసోపారాకీ తరలిపోయాయి. అందరూ పోయేలోగా ఒక్కసారి తన చేత్తో నింపే కుండ ముందు నడవాలని ప్రతీక్ష నాయనమ్మ రత్నాబాయి కోరిక. ఆ కోరికకి ప్రతీక్ష మాట ఇచ్చింది. పోయిన వారం మనం చూసింది అదే.

పొద్దున్నే జరగాల్సిన పందెం ఎండెక్కాక మొదలైంది. జెండా ఎగరేయాల్సిన ముఖ్య అతిథికి తీరిక దొరకలేదు. ఆయన వచ్చి, నాలుగు మాటలు చెప్పి, ఆ నాలుగూ మళ్లీ మరాఠీలో చెప్పేసరికి ఫాక్‌లాండ్ రోడ్ దుకాణాల రేకులు ముట్టుకోలేనంత వేడెక్కాయి. సముద్రం ఇంత దగ్గరలో ఉండి కూడా గాలి లేదు. ఒంటి మీద చెమట ఆరదు, కారదు, ఇంకో చొక్కాలాగా అంటుకుని ఉంటుంది.

ప్రతీక్షకి ఎండ కొత్త కాదు. కొత్తది ఇవాళ తనలో కనిపిస్తున్న ఒక రకమైన తేలిక. నాగ్‌పాడాలో రెడీమేడ్ బట్టల కొట్టులో ఆమె ఉద్యోగం. కూర్చోవడానికి స్టూలు ఇవ్వని కొట్టు. గిరాకీ ఉన్నా లేకపోయినా నిలబడే ఉండాలి. సాయంత్రానికి పిక్కలు రాళ్లవుతాయి. నిలబడి అలిసిపోవడానికీ పరుగెత్తి అలిసిపోవడానికీ తేడా ఉందని ఆమె చాలా రోజుల కిందటే కనిపెట్టింది. మొదటిది ఎవరో తన దగ్గర తీసుకునేది. రెండోది తాను ఇష్టపడి ఖర్చు పెట్టేది. అందుకే తెల్లారకముందే లేచి, చేపల బండ్లు రాకముందే ఈ గల్లీలన్నీ చుట్టి వస్తుంది. ఏ మలుపులో గుంత ఉందో, ఏ ఇంటి ముందు మోరీ మూత కదులుతుందో ఆమె పాదాలకి తెలుసు.

మనాలి చప్పుడు దగ్గరైందా? వెనక్కి చూడకూడదని తనకి తానే చెప్పుకుంది. వెనక్కి చూసే మనిషి భయపడుతోందని వెనకవాళ్లకి తెలిసిపోతుంది. ఊపిరి ముక్కుతో తీసుకుని నోటితో వదిలింది. ఇక ఒక్క మలుపు. తర్వాత తన గల్లీ. గల్లీ చివర కుడివైపు తిరిగితే మండలి పందిరి, దాని ముందు సున్నపు గీత.

మలుపు తిరిగింది.

గల్లీలో ఆడవాళ్లు రోడ్డుకి రెండు వైపులా నిలబడి ఉన్నారు. ఇంత ఎండలో కూడా కొంగులు నడుముకి బిగించి, కళ్ల మీద చేతులు అడ్డం పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. అందరికన్నా ముందు రత్నాబాయి. చేతిలో ఇత్తడి చెంబు. చెంబులో పసుపునీళ్లు, పైన తేలుతూ వేపాకులు.

"వచ్చింది! మన పోరి వచ్చింది! ముందట ఉన్నదే, చూడుండ్రి!"

ఎవరో కేక వేశారు. రత్నాబాయి రెండడుగులు రోడ్డు మీదికి వచ్చింది. చెంబు వంగింది. పసుపునీళ్లు ప్రతీక్ష బూట్ల మీద పడ్డాయి.

ప్రతీక్ష ఆగిపోయింది.

అలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ఆషాఢంలో ఈ గల్లీని చూసి ఉండాలి. పదమూడో ఏటి నుంచీ ఈ గల్లీ బోనం ఎత్తేది ప్రతీక్షే. నెత్తిన కుండ, కుండ మీద దీపం. ప్రతి గడప ముందూ ఆ ఇంటివాళ్లు బోనం ఎత్తిన పిల్ల పాదాల మీద సాక, అంటే వేపాకులు వేసిన పసుపునీళ్లు, పోస్తారు. అమ్మవారు చల్లబడాలని. పోస్తున్నంతసేపూ కదలకూడదు. చెంబు ఖాళీ అయ్యాకే అడుగు వెయ్యాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. మెడ నేర్చుకుంటుంది, మడమలు నేర్చుకుంటాయి. ఒకసారి నేర్చుకున్నాక అవి మనల్ని అడగవు.

ఆడవాళ్లు కూడా ఏదో పథకం వేసి చేసింది కాదు. గల్లీ పరువు నెత్తిన పెట్టుకుని పిల్ల వస్తోంది, ఎండ మండిపోతోంది, కాళ్ల మీద ఇన్ని నీళ్లు పొయ్యకుండా ఎలా పంపుతారు? ఆమె ఆగుతుందని వాళ్లు అనుకోలేదు. తీరా ఆగాక, ఆగకుండా ఎలా పోతుందని అనుకున్నారు. రత్నాబాయి వెనక ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి చెంబులు వంచసాగారు.

ప్రతీక్ష కళ్లు మూసుకుంది.

పందెం మొత్తంలో ఆమె ఒంటరిగా ఉన్నది అప్పుడే. పరుగెత్తుతున్నంతసేపూ ఆమెతో మనాలి ఉంది, మాట తీసుకున్న నాయనమ్మ ఉంది, దారి పొడవునా అరిచే జనం ఉన్నారు. కళ్లు మూయగానే అందరూ ఎటో వెళ్లిపోయారు. నీళ్లు బూట్లలోకి దిగుతున్నాయి. మేజోళ్లు తడిసి వేళ్లకి అతుక్కున్నాయి. నెత్తి మీద బరువు కోసం మెడ వెతుక్కుంది. బరువు లేదు. కుండ లేదు, దీపం లేదు. మరి ఈ నీళ్లు ఎవరికి?

నాకే.

ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి సిగ్గేసింది. అయినా అది పోలేదు. ఇన్నేళ్లూ ఈ గల్లీ తన పాదాలు కడిగింది, కానీ ఒక్కసారి కూడా తనకోసం కాదు. తన మీద ఉన్నదాని కోసం. ఇవాళ నెత్తి మీద ఏమీ లేదు. కొట్టులో నిలబడి పిక్కలు పట్టేసిన అవే కాళ్లు, తెల్లారకముందే గల్లీలు తిరిగిన అవే కాళ్లు. వాటికి నీళ్లు పోస్తున్నారు. ఆమె ఛాతీలో ఏదో పెద్దదవుతూ వచ్చింది. ఇంకాసేపు ఇలాగే నిలబడాలని, ఇంకో చెంబు పడాలని ఆమె కోరుకుంది. ఆ కోరిక ఎంత కచ్చితంగా కలిగిందో ఆమెకి గుర్తుంది. ఆ తర్వాత జరిగిందంతా ఆ కోరిక వల్లనే.

అప్పుడే మరో సంగతి ఆమె చెవికి అందింది. వెనక వస్తున్న బూట్ల చప్పుడు ఆగిపోయింది.

కళ్లు తెరిచి, పందెంలో మొదటిసారి వెనక్కి చూసింది. మనాలి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. రొప్పుతోంది. ముఖం రాగిచెంబులా ఉంది. రోడ్డు పక్కన ఎంతైనా చోటుంది, దాటిపోవచ్చు. పోలేదు. ఊరేగింపులో ముందున్న బోనానికి సాక పోస్తుంటే వెనకున్న బోనం ఎలా నిలబడుతుందో అలాగే, చేతులు కిందికి వదిలేసి, తల కొంచెం వంచి నిలబడింది.

"మనూ! పళ్! అగే పళ్ నా!" మనాలి అన్న మంగేష్ ఫుట్‌పాత్ మీద గెంతుతున్నాడు. చెల్లెలికి పరుగు నేర్పింది అతనే. "పరుగెత్తవే! ఖాళీ ఉన్నది గదా! కాయ్ బఘ్తేస్, ఏం చూస్తున్నవ్ గాడ?"

మనాలి వినలేదు, లేదా వినపడనట్టు ఉండిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, పందెంలో అందరికన్నా ముందున్న ఇద్దరు అమ్మాయిలు నడిరోడ్డు మీద కదలకుండా నిలబడిన దృశ్యం చూసి చాళ్ల పై గ్యాలరీల్లోంచి నవ్వులు మొదలయ్యాయి. "గిది పందెమా, జాతరనా?" "అరే, ఎవరన్న డప్పు తెండ్రిరా!" ట్యాక్సీవాడొకడు హారన్ కొట్టి, ఏమనుకున్నాడో ఏమో, ఇంజన్ ఆపేసి చేతులు జోడించాడు.

చివరి చెంబు ఖాళీ అయింది.

"పో బిడ్డా," అంది రత్నాబాయి.

ఇద్దరూ ఒకేసారి దూకారు. ప్రతీక్ష బూట్లు తడిసి బరువెక్కాయి, అడుగడుక్కీ కిచకిచమన్నాయి. బూటు తాడుకి ఒక వేపాకు చిక్కుకుని కొట్టుకుంటోంది. గల్లీ చివర మలుపులో మనాలి భుజం ఆమె భుజానికి తగిలింది. ఆ తర్వాత గీత. గీత దాటినప్పుడు మనాలి ఒక చెయ్యి దూరం వెనక ఉంది.

*

ఆనందం ఎంతోసేపు నిలవలేదు. పందిరి కిందికి మంగేష్ వచ్చేశాడు.

"కాకా, ఈ గెలుపు చెల్లది," అన్నాడు మండలి అధ్యక్షుడు బాలనర్సయ్యతో. "నడి పందెంల రోడ్డు మీద నీళ్లు పోసుడేంది? రస్తా బంద్ చేసిన్రు వీళ్లు."

బాలనర్సయ్య పాతకాలపు మేస్త్రీ. ఎంత గొడవైనా ముందు కళ్లద్దాలు తుడుచుకుని గానీ మొదలుపెట్టడు. తుడుచుకుంటూ ఉండగానే రత్నాబాయి పందిరిలోకి దూసుకొచ్చింది.

"నీ చెల్లెను ఎవడు ఆపిండురా మంగేష్? నేను చెయ్యి పట్టిన్నా, కొంగు పట్టిన్నా?"

"అదే గదా అవ్వా. పట్టకుంటనే ఆపిన్రు!"

అందరూ నవ్వారు. రత్నాబాయికి కూడా నవ్వొచ్చింది గానీ పెదవి బిగించి అడ్డుకుంది.

"నా మనుమరాలు గూడ ఆగింది గద. ఆమెకు నష్టం కాదా? నీ చెల్లెకేనా?"

"ఆమె ముందుగాల ఉండె. ముందుగాల ఉన్నోళ్లకు ఆగితే దమ్ము దొరుకుతది. ఎనుకున్నోళ్లకు ఊపు పోతది. తెలుసుకో."

"ఓహో. నీకు దమ్ము సంగతి ఎరికైతే నువ్వే ఉరుకకపోయినవ్. పొట్ట అడ్డమొచ్చిందా?"

మళ్లీ నవ్వులు. ముఖ్య అతిథి గడియారం చూసుకున్నాడు. కప్పు ఎవరికో ఒకరికి ఇచ్చేస్తే ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతానని బాలనర్సయ్య చెవిలో చెప్పాడు. బాలనర్సయ్య ఆయనకి ఒక మజ్జిగ సీసా ఇప్పించి, కళ్లద్దాలు పెట్టుకుని, ప్రతీక్ష వైపు తిరిగాడు.

"నువ్వెందుకు ఆగినవు బిడ్డా?"

"నీళ్లు పోసిన్రు కాకా. ఆగిన."

"పందెంల ఉన్నవని యాదికి లేదా?"

"ఉన్నది."

బాలనర్సయ్య ఎందుకో తల ఊపాడు. తర్వాత మనాలిని పిలిచాడు. మనాలి నెత్తిన తడిగుడ్డ వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. లేచి నిలబడింది.

"నీకు ఎవరు పోయలే గద. నువ్వెందుకు ఆగినవ్?"

"ఆమెకు పోస్తున్నరు గద కాకా," అంది మనాలి. "పోస్తుంటే దాటి ఎట్ల పోత?"

పందిరిలో తలలు వంగాయి. నవ్విన వాళ్లు కూడా నేల చూశారు. మూడో గల్లీ ఆడవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. వాళ్లకి గెలుపు పోయింది, కానీ ఆ మాట తమ పిల్ల నోటి నుంచి వచ్చింది. ఏడవాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేని ముఖాలు అవి. మంగేష్ ఒక్కడే "వేడీ ఆహే హీ, ఏకదమ్ పిచ్చిది" అని గొణిగాడు. ఆ గొణుగుడులో కూడా బలం లేదు.

బాలనర్సయ్య కళ్లద్దాలు తీసి మళ్లీ తుడుచుకున్నాడు.

"ఇద్దరిల ఎవ్వరి తప్పు లేదు. గదే కష్టం. తప్పు ఉంటే తీర్పు జల్దీ ఐతుండె." గొంతు సవరించుకున్నాడు. "గీత గీసినం. గీత ఎవరు ముందు దాటిన్రో వాళ్లదే పందెం. ప్రతీక్ష గెలిచింది. పదకొండో గల్లీ బోనం ముందట నడుస్తది. బస్."

పదకొండో గల్లీ ఒక్కసారిగా అరిచింది. రత్నాబాయి అరవలేదు. చెంబు చంకన పెట్టుకుని, వీపు నిటారుగా చేసుకుని, పందిరిలో ఉన్న ప్రతి ముఖాన్నీ వరసగా చూసింది. జీవితమంతా నెత్తి మీద కాంక్రీటు తట్టలు మోసి, వెదురు నిచ్చెనల మీద ఎక్కి, ఈ ఊరి మేడలు ఎన్నో లేపిన మనిషి. మేడ పూర్తయ్యాక గేటు లోపలికి ఎవరూ రానివ్వలేదు. ఆ చూపులో అదంతా ఉంది.

ప్రతీక్ష ఆ చూపుని చూసింది. ఇంతసేపూ లోపల ఎక్కడో గీరుకుంటున్న విషయం ఇప్పుడు పైకి వచ్చింది.

తాను ఆగినందుకు ఆమె బాధపడటం లేదు. ఆగడం తన చేతిలో లేదు. కానీ ఆగాక, ఇంకాసేపు నిలబడాలని కోరుకుంది. అది తన చేతిలో ఉన్నదే. ఆ ఇంకాసేపట్లో ఊపిరి కుదుటపడింది. గుండె సర్దుకుంది. వెనక మనాలి ఉందని తెలిసి కూడా, ఆ నీళ్ల చల్లదనంలో తన గొప్పని తాను చూసుకుంటూ ఉండిపోయింది. మనాలి పరుగు ఆగకుండా ఉంటే ఆ చివరి మలుపులో ఎవరి భుజం ముందుండేది? ఆమెకి తెలీదు. ఎవరికీ తెలీదు. గీత చెప్పింది ఒకటి, ఒళ్లు చెప్పేది ఇంకోటి. ఈ రెండిటి మధ్యా ఏడాదంతా బతకాలంటే తన వల్ల కాదు.

"కాకా," అంది. "మళ్ల ఉరుకుతం."

బాలనర్సయ్యకి వినపడలేదనుకుని మళ్లీ అంది. ఈసారి అందరికీ వినపడింది.

"ఆగిన కాడి నుంచి గీత దాక. మేమిద్దరమే. ఇప్పుడే."

రత్నాబాయి ఆమె జబ్బ పట్టుకుని పందిరి గుంజ పక్కకి లాగింది. "ఎండ నెత్తికెక్కిందానే నీకు? గెలిచినవు. ఇచ్చిన్రు. నోరు మూస్కొని తీస్కో."

"నీళ్లు పొయ్యమని నేను చెప్పిన్నా అవ్వా?"

మాట విసురుగా వచ్చింది. రత్నాబాయి చెయ్యి వదిలేసింది.

"అంటే? తప్పు నాదంటవా?"

"తప్పు అంటలే."

"మరేమంటున్నవ్? నా కుండ ముందట నడుస్తదని ఆయన నోటితోని చెప్పిండు. వచ్చే ఏడు ఆషాఢానికి మన చాళీ ఉంటదో కూలుతదో. మళ్ల ఈ మాట ఎవడిస్తడు? నువ్వు ఓడిపోతే?"

"ఓడిపోతె ఓడిపోత."

"ఓడిపోతె ఓడిపోతదంట! నీ ఒక్కదానిదా పందెం?"

ప్రతీక్ష నాయనమ్మ ముఖంలోకి చూసింది. నుదుటి పైన, వెంట్రుకలు మొదలయ్యే చోట, ఏళ్ల తరబడి తట్ట కింది చుట్టకుదురు ఒత్తుకున్న వెడల్పాటి బట్టతల మచ్చ. రత్నాబాయి దాన్ని కొంగుతో కప్పుకోదు. చిన్నప్పుడు ప్రతీక్ష దాని మీద వేలు పెట్టి ఆడుకునేది.

"అవ్వా, నువ్వు సైటు మీద పని చేసినప్పుడు సగం తట్ట ఎత్తుతున్నవని ఎవడన్న అన్నడా నిన్ను?"

"ఎవని నోరు లేస్తది? ఆడోళ్లు రెండు తట్టలు మోస్తే నేను మూడు మోసిన."

"ఎవ్వడన్న అనుంటే?"

రత్నాబాయి చెంబుని ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది.

"నీళ్లు పోసి గెలిచిన్రని మూడో గల్లీ అంటది. బోనం నా నెత్తిన ఉన్నంతసేపు అంటది. ముంగట అనరు, ఎనుక అంటరు. నిన్ను అంటె నేను పడను. నన్ను అంటె నువ్వు పడ్తవా?"

ముసలామె కళ్లు చిన్నవయ్యాయి. మనుమరాలిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఆ చూపులో కోపం ఇంకా ఉంది. కోపం కింద మరేదో కదిలింది. ప్రతీక్షకి ఇందాక కళ్లు మూసుకున్నప్పుడు ఛాతీలో పెద్దదయిందే, దానికి దగ్గరి చుట్టంలాంటిది అది. రత్నాబాయి ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, మనుమరాలి పాదాల వైపు చూసింది.

"గా తడి మేజోళ్లు ఇప్పు ముందు. బొబ్బలొస్తయ్. ఒట్టి బూట్లు ఏస్కో."

అంతే అంది. తర్వాత పందిరి మధ్యకి వెళ్లి, ఆడవాళ్ల వైపు తిరిగి, సైటు మీద పై అంతస్తుకి వినపడేలా అరిచిన రోజుల గొంతుతో అరిచింది.

"చెంబులన్ని ఇండ్లల్ల పెట్టి రాండ్రి! ఇయ్యాల ఎవ్వరన్న రోడ్డు మీద సుక్క నీళ్లు పోస్తే నా సంగతి తెలుసుగద!"

*

నీళ్లు పడ్డ చోటు అప్పటికే ఆరిపోయింది. తారు మీద పసుపు మరక మాత్రం మిగిలింది, చుట్టూ ఎండిన వేపాకులు. బాలనర్సయ్య సుద్దముక్కతో మరక మీదనే గీత గీశాడు. వంగినవాడు లేవడానికి మంగేష్ చెయ్యి అందించాల్సి వచ్చింది.

ముఖ్య అతిథి కప్పు పక్కన పెట్టి, మజ్జిగ సీసా పట్టుకుని తానే ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇక గడియారం చూసుకోవడం లేదు. పై గ్యాలరీలన్నీ నిండిపోయాయి. ఏ గల్లీవాళ్లు ఎవరో తెలీకుండా జనం రోడ్డు రెండు వైపులా కలిసిపోయారు. ఇంత మందిలోనూ ఎవరూ నవ్వడం లేదు.

ప్రతీక్ష గీత దగ్గరికి వచ్చింది. మేజోళ్లు లేని బూట్లు గరుగ్గా ఉన్నాయి. తారు వేడి అడుగున అట్టలోంచి తెలుస్తోంది. ఓడిపోతే నాయనమ్మ కుండ ఇక ముందు నడవదు. ఇంత భయంలోనూ ఆమెకి ఒక గర్వం ఉంది. ఎవరూ అడగకుండా, గెలిచిన పందేన్ని తన చేత్తో తానే మళ్లీ నేల మీద పెట్టింది. ఈ గర్వం కూడా ఇందాకటిలాంటిదేనా, అందరూ చూస్తుంటే పుట్టేదేనా అని లోపల ఒక గొంతు అడిగింది. కావచ్చు. కానీ దీనికి ఖరీదు ఉంది. ఆ ఖరీదు ఇప్పుడు కట్టబోతోంది. అదొక్కటే తేడా.

మనాలి వచ్చి పక్కన నిలబడింది. బూటు తాళ్లు బిగించుకోవడానికి వంగింది. ప్రతీక్ష కూడా వంగింది. ఇద్దరి తలలూ దగ్గరగా వచ్చాయి.

"మనాలీ," అంది ప్రతీక్ష మెల్లిగా. "నువ్వు ఆగినవ్ గదా. గది నేను మర్చిపోను."

మనాలి తల ఎత్తలేదు. తాడు ముడి వేస్తూనే అంది.

"మర్చిపో."

"ఏంది?"

"అమ్మోరు కోసం ఆగిన అనుకుంటున్నవా? నీ కోసం అనుకుంటున్నవా?" ఆమె గొంతు ఎవరికీ వినపడనంత చిన్నగా, కానీ ఎక్కడా వణకకుండా ఉంది. "నా దమ్ము అయిపోయింది ప్రతీక్షా. నాగ్‌పాడా కాన్నే అయిపోయింది. మలుపు తిరిగినంక పడిపోత అనుకున్న. గప్పుడు నీకు నీళ్లు పోసిన్రు. ఆగడానికి సాకు దొరికింది. అందరు నన్ను మంచి పోరి అంటున్నరు. అననీ."

ప్రతీక్ష వేళ్లు బూటు తాడు మీదే ఆగాయి. పందిరి అంతా తల వంచుకున్న ఆ మాట, మూడో గల్లీ ఆడవాళ్ల కళ్లలో మెరిసిన ఆ గర్వం, తాను పందెం మళ్లీ నేల మీద పెట్టడానికి కారణమైన ఆ నాలుగడుగుల దూరం, అన్నీ ఒక్కసారి కదిలాయి. మనాలి నిజం చెబుతోందా? లేక తన మీద జాలితోనో కృతజ్ఞతతోనో ప్రతీక్ష ఒక అడుగు తగ్గించి పరుగెత్తకూడదని అబద్ధం చెబుతోందా? ఆ వంగిన ముఖంలో ఏదీ దొరకలేదు. చెమట ఒక్కటే ముక్కు చివర నుంచి తారు మీద పడి, పడ్డచోటే ఆరిపోయింది.

"గిది నాకెందుకు చెప్తున్నవ్?"

మనాలి నిటారుగా నిలబడింది. ఇప్పుడు సూటిగా చూసింది. కళ్లలో అలసట లేదు.

"ఇప్పుడు నాకు దమ్ము ఉన్నది గనక," అంది. "నీకున్నదా?"

పరుగు మొదలుపెట్టించడానికి బాలనర్సయ్య ఎడమ చేత్తో ఇనప తట్ట పైకెత్తి పట్టుకున్నాడు. దాని మీద కొట్టడానికి కుడి చేతిలో తాపీ లేచింది. ప్రతీక్ష జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.

తట్ట మోగింది.